నా చేత్తో నింపిన తూటాలు

మా నాన్న పోయాక నాకు దక్కిన వాటిలో పేలే గుణం ఉన్నది ఒక్కటే. రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ. మిగతావి ఒక చేతి గడియారం, ఒక గొడుగు, నాకు రేవులో ఉద్యోగం ఇప్పించమని ఆయన ఎవరికో రాసి పోస్టు చెయ్యని ఉత్తరం. ఉద్యోగం ఆ ఉత్తరం సాయం లేకుండానే వచ్చింది. ఓడల్లోకి ఎక్కించే ఇనుప ఖనిజంలో తడి ఎంతుందో తేల్చే ప్రయోగశాలలో కెమిస్టు పని. ఎర్రమట్టిని తూచడం, ఎండబెట్టడం, మళ్ళీ తూచడం. రెండు తూకాలకీ మధ్య తేడా రాసి సంతకం పెడితే ఓడ కదిలేది. నా సంతకానికి అంత పలుకుబడి ఉందని మా ఇంట్లో ఎవరూ గుర్తించిన దాఖలాలు లేవు.

తుపాకీ నా పేరు మీదికి మారింది గానీ, దాని అవసరం మా అప్పది. అప్ప అంటే మా వైపు అక్క, నాకన్నా ఆరేళ్ళు పెద్దది. గోపాలపట్నం దాటి కొండ వాలులోకి వెళితే అప్పా బావా సాగు చేసే అనాస తోట, మధ్య మధ్య పనస చెట్లు. బావ రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు. డ్యూటీ లేని వేళంతా తోటలోనే. అనాసలు పండే నెలల్లో కొండ మీంచి అడవిపందులు దిగేవి. పండు తిని పోతే సరిపెట్టుకోవచ్చు. అవి మొక్కను మొదలంటా పెళ్ళగించి, పండు సగం తిని, రెండోదాని రుచి ఎలా ఉందో చూద్దామని పక్క వరసలోకి వెళ్ళేవి. మా నాన్న ఆ తుపాకీతో కొట్టిన పందులు ఊరి లెక్కలో రెండు, ఆయన లెక్కలో ఏడు. నిజానికి తుపాకీ అక్కడ చెయ్యాల్సిన పని చంపడం కాదు, చప్పుడు. తెల్లవారుతూనే ఒక్కసారి పేలిస్తే పందులు వారం రోజులు ఆలోచనలో పడేవి.

లైసెన్సు పంట కాపలాకని ఇచ్చింది. అందులో యజమానిగా నా పేరు, తోటలో వాడుకోగల మనిషిగా బావ పేరు. పంట రోజుల్లో కబురొస్తే తుపాకీ తోటకి తీసుకెళ్ళేవాణ్ణి, మిగతా రోజుల్లో అది కంచరపాలెంలో నా అద్దె గది బీరువాలో. రైలు వెళ్ళినప్పుడల్లా బీరువాలో అది చిన్నగా గునిసేది. ఆ చప్పుడు నాకిష్టం. మా నాన్న ఇంకా ఏదో విషయంలో ఒప్పుకోవడం లేదనిపించేది.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర, దుకాణంలో కొత్త తూటా దొరకడం సిమెంటు బస్తా దొరకడం లాంటిది. వెళ్ళినప్పుడల్లా "వస్తాయండి" అనేవారు. ఆ మాటలో అబద్ధం లేదు, తారీఖు లేదంతే. కానీ మా నాన్న దగ్గర రెండు డజన్ల ఇత్తడి తూటాలుండేవి. అట్ట తూటా పేలాక పారేస్తారు. ఇత్తడిది పేలాక, వెనక నిప్పు రాజేసే చిన్న టోపీ మార్చి, మందూ గుళ్ళూ నింపి మళ్ళీ వాడుకోవచ్చు. ముప్పై ఏళ్ళపాటు వాటిని నింపినవాడు వన్ టౌన్‌లో ఒక సాయిబు. ఆయన చిన్న దుకాణంలో కుట్టు మిషన్లు, తాళాలు, తుపాకీలు బాగుచేసేవాడు. తుపాకీలు తక్కువ, మిషన్లు ఎక్కువ. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆయన దృష్టిలో పందులకన్నా జాకెట్లు ముఖ్యం. తూటాలిస్తే రెండు వారాలు పట్టేది.

ఈలోగా పందులు ఆగవు. ఆ ఏడు వేసవిలో అప్ప నా గదికి వచ్చింది. చేతిలో రెండు అనాసపళ్ళున్నాయి. ముఖం చూస్తే మాత్రం అవి పెట్టడానికి వచ్చినట్టు లేదు.

"తుపాకీ నీ బీరువాలో, పందులు నా తోటలో. ఇదేటి పంపకమో నువ్వే సెప్పు."

"కావలసినప్పుడు ఇస్తూనే ఉన్నాను కదప్పా."

"ఇస్తన్నావు. నువ్వు సెలవెట్టి, బస్సెక్కి, సంచీలో సుట్టుకొని తెచ్చీసరికి పందులు తిని, కునుకు తీసి, ఎల్లిపోతన్నాయి. మీ బావ పేర్న రాయించీ. తోట సేసీవోడి సేతిలో ఉండాల తుపాకీ."

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే నాకు కోపం వచ్చింది. మా నాన్న వస్తువు ఒక్కటి నా పేరున ఉంది, అదీ ఇచ్చేస్తే ఇక నా దగ్గర మిగిలేది గొడుగు. ఇబ్బంది తుపాకీతో కాదు, తూటాలతో అని వాదించాను. సాయిబు కోసం రెండేసి వారాలు ఎదురుచూడకుండా తూటాలు నేనే నింపుతానన్నాను. ఎప్పుడూ పదహారు తూటాలు తోటలో సిద్ధంగా ఉంటాయి. తుపాకీ పంట రోజులన్నీ బావ దగ్గరే ఉంటుంది. నా తూటాలు ఈ పంటంతా సరిగ్గా పేలితే తుపాకీ నా పేరునే ఉంటుంది. పేలకపోతే కలెక్టరాఫీసుకి వచ్చి బావ పేరు మీదికి సంతకం పెడతాను.

అప్ప నన్ను కాసేపు చూసింది. "నువ్వు నింపుతావా" అంది. నేను చిన్నప్పుడు బావిలో దిగుతానన్నప్పుడు కూడా సరిగ్గా అదే గొంతు.

సాయిబు దగ్గరికి నేర్చుకోవడానికి వెళ్ళాను. ఆయన ఒక కుట్టు మిషను పొట్ట విప్పి కూర్చున్నాడు.

"నేర్పుతారా భాయ్?"

"మీ నాయన ముప్పై ఏళ్ళు వచ్చారు బాబూ. ఒక్కసారీ ఈ మాట అడగలేదు."

"ఆయన కెమిస్ట్రీ చదవలేదు."

"అచ్చా. అందుకే అడగలేదన్నమాట."

ఆ మాటకి అర్థం నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. ఆయన ఒక తూటా నా ఎదుట నింపి చూపించాడు. మందు పోసి, మీద అట్ట బిళ్ళ పెట్టి, కొయ్య కడ్డీతో అదిమాడు. తరవాత సీసం గుళ్ళు, వాటి మీద ఇంకో బిళ్ళ. చిన్న సత్తు గిన్నెతో కొలత. నేను చిన్న పుస్తకంలో అన్నీ రాసుకున్నాను. ఆ గిన్నె కొలత ప్రతిసారీ ఒకేలా రావడం లేదని కూడా రాసుకున్నాను. మూడుసార్లు నా కళ్ళతో చూశాను, మూడుసార్లూ తేడా. ఆ తేడాలతోనే ముప్పై ఏళ్ళు పందులు పారిపోయాయన్న సంగతి మాత్రం రాసుకోలేదు.

మా గదిలో ఆదివారాలు పనిచేసేవాణ్ణి. గిన్నెలు మనకు పనికిరావు కాబట్టి మంచి త్రాసు ఒకటి సంపాదించాను. ఏ తూటాకి ఎంత మందో, ఎన్ని గుళ్ళో, ఖనిజానికి రాసినట్టే రాశాను. బిళ్ళల కోసం నా బీయెస్సీ రికార్డు పుస్తకాల అట్టలు కత్తిరించాను. మూడేళ్ళు చదివినదానికి అంత సూటి ఉపయోగం అంతకుముందూ లేదు, తరవాతా లేదు. అదిమేటప్పుడు మాత్రం కడ్డీని సుతారంగా పట్టుకునేవాణ్ణి. పేలే పదార్థాన్ని గట్టిగా నొక్కడం చదువుకున్నవాడి లక్షణంగా నాకు తోచలేదు.

మొదటి పదహారూ తోటకి పట్టుకెళ్ళి ఇచ్చాను. బావ ఒకటి తీసి చెవి దగ్గర ఊపి చూశాడు. మా వైపు బావా బావమరదులు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు; ఎవరు ఎవరికి ఏమవుతారో గొంతును బట్టి తెలుసుకోవాలి.

"ఏటి బావా, గలగలమంతన్నాది."

"లోపల గుళ్ళున్నాయి కదా, మరి గలగలమనవా."

"సాయిబు నింపితే అనవు."

"సాయిబు గిన్నెతో కొలుస్తాడు. నేను తూచాను."

"అలాగైతే సరే" అన్నాడు. బావ మంచివాడు. ఎవరితోనూ వాదించడు. ఆ గుణం ఎంత ప్రమాదమో నాకప్పుడు తెలీదు.

నెల తరవాత వెళితే ఆరు ఖాళీ తూటాలు చేతిలో పెట్టాడు. వెనక టోపీల మీద గుంటలు పడ్డాయి, లోపల మసి పట్టింది, వాసన చూస్తే కుళ్ళిన గుడ్డు కంపు. పేలిన తూటా ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి.

"ఎలా ఉన్నాయి బావా?"

"ఏటి సెప్పీది. మొన్న ఒకటి పేలిస్తే కొండ అవతలోళ్ళు కూడా లెగిసి కూకున్నారు."

"పందులు?"

"అవి ఇంకా కూకోలేదు. పరిగెడుతూనే ఉన్నాయి."

ఆ పంటంతా అలాగే సాగింది. నేను నింపినవి తీసుకెళ్ళేవాణ్ణి, ఖాళీవి తెచ్చుకునేవాణ్ణి. ఒక్కటి తుస్సుమన్నట్టు బావ చెప్పలేదు. పంట అయ్యాక అప్ప తనంతట తనే, "తుపాకీ నీ పేరునే ఉండనీలే" అంది. ఆ మాట అంటూ పక్కకి చూసింది. ఓడిపోయినవాళ్ళు పక్కకి చూడటం సహజమే అనుకున్నాను. ఎక్కువ ఆనందం పైకి కనబడనీకుండా రెండు అనాసలు అడిగి తెచ్చుకున్నాను.

ప్రయోగశాలలో టీ వేళకి నేనొక చిన్న పండితుణ్ణయ్యాను. సొంతంగా తూటాలు నింపుకోవడం లాభమా అని ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి. కొన్నదాంట్లో సగం ఖర్చు. ఎదురుచూపు లేదు. నాణ్యత మన చేతిలో ఉంటుంది. ఋజువు కావాలంటే మా బావని అడగండి. తుపాకీ ఉన్నవాడు ఆ గదిలో ఇంకొకడు లేకపోవడం వల్ల నా వాదానికి ఎదురు లేకపోయింది.

మరుసటి ఏడూ అలాగే గడిచింది. ఆ పై ఏడు కూడా మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. వానలు ముందే పట్టుకున్నాయి. ఆషాఢంలో బావకి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడని కబురందింది. చూడ్డానికి వెళుతూ, ఆ ఆదివారమే నింపిన తూటాలు సంచీలో వేసుకున్నాను. వెళ్ళేసరికి సాయంత్రమైంది. బావ దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ముందురోజు పందులు దిగి పై మడిలో మూడు వరసలు దున్నేసి పోయాయని అప్ప చెప్పింది. రాత్రికి ఉండిపోయి తెల్లవారగానే నేనే వెళ్ళి పేలుస్తానన్నాను.

ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.

"వానగా ఉన్నాది బావా, ఈ పూటకొదిలీ."

"వాన వెలిసింది."

"జారుద్ది. నీకు కొండ అలవాటు లేదు."

"నేను పుట్టింది ఈ కొండ కిందే కదా బావా."

అప్ప లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన నాలుగు తూటాలు తెచ్చింది. "సరే ఎల్తే ఎల్లు. ఇయ్యి పట్టుకెల్లు. పోయిన్నెలవి."

"పాతవెందుకప్పా. నిన్న నింపిన తాజావి ఉన్నాయి."

"పాతవైతే ఏటి. పేల్తాయి."

"నేను నింపినవేగా రెండూనూ. వానాకాలంలో నెల్లాళ్ళు తోటలో ఉన్న మందుకన్నా తాజా మందు మేలు. తడి సంగతి నాకు చెప్పకు, నా బతుకే అది."

అప్ప బావ వైపు చూసింది. బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. జ్వరం అనుకున్నాను.

తెల్లవారుతూండగా పై మడికి ఎక్కాను. పనస చెట్టు పక్కన నిలబడితే కింద వరసలో అయిదు పందులు, వాటి వెనక పిల్లలు. నన్ను చూసి కూడా పని ఆపలేదు. కుడి గొట్టంలో ఒకటి పెట్టి, తుపాకీ ఎత్తి పేల్చాను. నేనెదురుచూసిన శబ్దం రాలేదు. ఎవరో నిద్రలో ఊపిరి వదిలినట్టు ఫుస్సుమంది. గొట్టం చివర్నుంచి కొన్ని గుళ్ళు జారి నా చెప్పుల ముందు గడ్డిలో పడ్డాయి. ఒక పంది తలెత్తి చూసింది. నన్ను గుర్తుపట్టనట్టు మళ్ళీ తల దించుకుంది.

తుపాకీ విప్పి చూస్తే తూటా ఖాళీ. ఖాళీ అయింది కాబట్టి పేలినట్టే, కాస్త బలహీనంగా పేలిందంతే అని తీర్మానించాను. అలాంటప్పుడు ఇంకోటి వెయ్యకముందు గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందా లేదా చూడాలన్నది తుపాకీ పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి. నాకూ తెలుసు. కానీ రెండేళ్ళుగా ఒక్కటీ తుస్సుమనని తూటాలవి. వాటిని అనుమానించడం సభ్యత కాదనిపించింది. అదే గొట్టంలో ఇంకోటి పెట్టి పేల్చాను.

ఈసారి శబ్దం వచ్చింది. చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. చెవుల్లో రైలు కూత లాంటిది మొదలై, మధ్యాహ్నం దాకా ఆ రైలు వెళ్ళలేదు. పందులు పారిపోయాయి, ఆ మేరకు ప్రయోగం ఫలించింది. తుపాకీ చూసుకుంటే కుడి గొట్టం మధ్యలో కప్పని మింగిన పాములా ఉబ్బి ఉంది. మొదటి తూటాలోని బిళ్ళలు గొట్టంలోనే ఇరుక్కుపోయాయి, రెండోది వెళ్ళి వాటిని గుద్దింది. ఇంకాస్త పల్చటి గొట్టమైతే ఉబ్బేది కాదు, చీలేది. అప్పుడు ఈ జ్ఞాపకాలు రాస్తూ కాయితం అదిమి పట్టుకోవడానికి ఎడమ చెయ్యి ఉండేది కాదు.

కిందికొచ్చాక అప్ప ముందు నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. తరవాత తుపాకీ చూసింది. నేను ఆ రోజు ఇద్దరినీ క్షమాపణ అడిగాను. నాన్న తుపాకీ పాడుచేశానని, ఎక్కడో తూకం తప్పానని చెప్పాను. బావ మంచం మీంచే, "పోన్లే బావా, ఇనుమే గదా" అన్నాడు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను.

మర్నాడు వన్ టౌన్ వెళ్ళాను. సాయిబు తుపాకీని వీధి వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఏ తూటా పెట్టారు బాబూ?"

"మా ఇత్తడివే."

"అవి నేను నింపినవి కావు."

"కావు. రెండేళ్ళుగా నేనే కదా నింపుతున్నది."

ఆయన తుపాకీ బల్ల మీద పెట్టాడు. కళ్ళజోడు తీశాడు. "రెండేళ్ళుగా నింపుతున్నది నేను" అన్నాడు.

ఎవరో పక్కింటి సంగతి చెబుతున్నట్టు విన్నాను. నేను తోటలో ఇచ్చిన తూటాలన్నీ బావ షెడ్డుకి వెళ్ళేటప్పుడు సంచీలో ఈయన దగ్గరికి తెచ్చేవాడట. ఈయన వాటిని విప్పి, నా మందూ గుళ్ళూ బయటికి పోసి, అదే మందు తన పద్ధతిలో మళ్ళీ నింపి ఇచ్చేవాడట. కూలి కింద ప్రతిసారీ నాలుగు అనాసపళ్ళు.

"మీకు తెలుసనుకున్నాను బాబూ. మా బావే పంపాడు, ఒకసారి చూసి సరిచెయ్యమన్నాడు అనేవాడు. చదువుకున్నవాళ్ళు, పెద్ద చెయ్యికి చూపించుకోవడం మర్యాదే అనుకున్నా."

నమ్మకం కుదరక నేను ఏదో గొణిగాను కాబోలు. ఆయన బల్ల కింద నుంచి ఒక డబ్బా తీసి మూత విప్పాడు. నిండా అట్ట బిళ్ళలు. నీలం అట్ట, కొన్నిటి మీద నా చేతి రాత. ఒకదాని మీద కెమిస్ట్రీలో కె, ఒకదాని మీద నా పేరులో చివరి అక్షరం.

"మంచి అట్ట. పారెయ్యబుద్ధి కాలేదు. మిషన్లు ఊగకుండా కాళ్ళ కింద పెడుతున్నాను."

అంటే వన్ టౌన్‌లో సగం కుట్టు మిషన్లు అప్పటికే నా బీయెస్సీ మీద నిలబడి ఉన్నాయి.

"నా తూటాల్లో లోపమేమిటి భాయ్?" అనడిగాను. ఆ సమయంలో అది తప్ప నాకేం తోచలేదు.

"తూకంలో లోపం లేదు. నాకన్నా బాగా తూస్తారు. అదమడం లేదు. మందు గట్టిగా కూర్చోవాలి. మీరు దాన్ని నిద్రపుచ్చుతున్నారు." తుపాకీ నా వైపు జరిపి, "మీ బావ చెప్పలేదా?" అన్నాడు.

చెప్పలేదు. అక్కడి నుంచి గదికి కూడా పోకుండా తోటకి వెళ్ళాను. అప్ప అరుగు మీద కూర్చుని చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తోంది. బావకి జ్వరం కాస్త తగ్గి, గోడకి ఆనుకుని గంజి తాగుతున్నాడు. నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు.

"సాయిబు సెప్పీసినాడు" అన్నాడు అప్పతో.

"రెండేళ్ళు బావా" అన్నాను. "కొండ అవతలోళ్ళు లేచి కూర్చున్నారన్నావు."

"కూకున్నారు బావా. అది అబద్ధం కాదు. సాయిబు తూటాకి కూకున్నారు."

"మొదటిది పేల్చి చూశావా అసలు?"

"పేల్చినాను. నువ్విచ్చిన మర్నాడే. గుళ్ళన్నీ పనసాకుల మీద టపటపమని రాలినాయి, వానొచ్చినట్టు. రెండోది పెట్టడానికి సెయ్యి రాలేదు. మీ అప్పకి సెప్పినాను."

"నాకెందుకు చెప్పలేదు?"

బావ అప్ప వైపు చూశాడు. అప్ప కత్తి ఆపలేదు. "నేనే వద్దన్నాను. సెప్తే ఏటి సేసీవోడివి? ఓడిపోనానని అలిగీసి, తుపాకీ తీసుకెల్లి పోలీసు టేసన్లో అప్పసెప్పీసీవోడివి. కలెక్టరాఫీసు దాకా వచ్చి మీ బావ పేర్న రాసీవోడివా నువ్వు? నాకు తెల్దా."

"మాట ఇచ్చాను కదప్పా."

"నాన్న పోయినప్పుడు గొడుగు నాకిస్తానన్నావు."

గొడుగు అప్పటికీ నా చేతిలోనే ఉంది.

"నీ మాట నమ్మి నా మొగుడి సేతిలో నీ తూటా ఎట్టి పంపుతానేటి? ఏలు పోతే షెడ్డులో వుద్దోగం పోద్ది. అలాగని నిన్ను ఏడిపించడమెందుకు. నువ్వు నింపుతన్నావు, సాయిబు సరిసేత్తన్నాడు, పందులు పోతన్నాయి. ఎవరికేటి నష్టం?"

"ఎవరికీ నష్టం లేదు. నాన్న తుపాకీకి తప్ప."

అప్ప కత్తి ఆగింది.

"ఆ రోజు ఆపినాం గదా బావా" అన్నాడు బావ నెమ్మదిగా. "ఇద్దరమూ ఆపినాం."

"ఆపారు. వానన్నారు, జారుతుందన్నారు, పాతవి తీసుకెళ్ళమన్నారు. కారణం తప్ప అన్నీ చెప్పారు."

బావ గ్లాసు ఎత్తి మళ్ళీ దించాడు. నాకు నిజంగా బాధ కలిగించినది ఏమిటో అప్పుడు తెలిసింది. వాళ్ళు నన్ను నమ్మకపోవడం కాదు. ఆ విషయంలో వాళ్ళు చూపిన తెలివిని నేనూ మెచ్చుకుంటాను. నేను రెండేళ్ళుగా టీ వేళ పదిమందికి చెప్పిన ప్రతి మాటా, పుస్తకంలో వరసల వరసలుగా దింపిన ప్రతి అంకే, వేరొకరి బొటనవేలి బలం. నేను గెలిచిన పందెం నాకు వాళ్ళు పెట్టిన తాయిలం. తాయిలమని తెలియకుండా తింటే బలమొచ్చిందనుకుంటాం. ఆ బలంతోనే ఆ తెల్లవారుజామున రెండో తూటా పెట్టాను.

పందెం లెక్క ప్రకారం నేను ఓడిపోయాను, రెండేళ్ళు ఆలస్యంగా. బావ లేచి తిరగ్గలిగిన వారమే అతన్ని తీసుకుని కలెక్టరాఫీసుకి వెళ్ళాను. అప్ప మాట అబద్ధం చెయ్యడం తప్ప అందులో నా గొప్పదనం ఏమీ లేదు. గుమాస్తా దరఖాస్తు చూసి, బదిలీకి కారణం రాయాలన్నాడు. "యజమానికి వాడటం చేతకాదు" అని రాశాను. అలా రాయకూడదన్నాడు. బావ నా భుజం మీంచి వంగి, "మావోడికి టైము లేదండి, పెద్ద వుద్దోగం" అన్నాడు. గుమాస్తా అదే రాసుకున్నాడు. ఆ మాట అనేటప్పుడు బావ ముఖం చూశాను. కొండ అవతలివాళ్ళ సంగతి చెప్పినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అదే నమ్మకం, అదే చల్లదనం. తేడా పట్టుకోవడానికి నా దగ్గర త్రాసు లేదు.

సాయిబు కుడి గొట్టం పేలకుండా చేసి, ఎడమది ఉంచాడు. బావ దానితోనే ఇంకా చాలా పంటలు కాపాడుకున్నాడు. తూటాలు సాయిబే నింపాడు, రెండు వారాలు తీసుకునే నింపాడు. నేను ఆ తరవాత ఒక్కటీ నింపలేదు. సొంతంగా తూటాలు నింపుకోవడం లాభమా అని ఈ మధ్య ఒకాయన నిజంగానే అడిగాడు. నాకు తెలీదన్నాను. వినయం కాదది. నా తూటాలు ఎలా పేలతాయో నేను చూసినవి రెండే, మొదటి దాని సంగతి ఒకటి బావ చెప్పాడు. పనసాకుల మీద వానొచ్చినట్టు అన్నాడు. ఆ మాటైనా నిజమో, లేక నేనింకా ఎక్కువ బాధపడతానని కొంత తగ్గించి చెప్పాడో, అడిగే ధైర్యం నాకు రాలేదు.

అప్పతో ఏడాది పాటు ముభావంగా ఉన్నాను. అప్ప అది గమనించనట్టే అనాసలు పంపుతూ వచ్చింది, నేనూ గమనించనట్టే తింటూ వచ్చాను. పైకి అంతా మునుపటిలాగే అయింది. నా వంట బాగుందని ఎవరన్నా అంటే మాత్రం ఇంకోసారి వడ్డించుకుంటున్నారా లేదా చూడ్డం నాకు అలవాటైంది.

ఎనభైల మధ్యలో గోపాలపట్నంలో చిన్న ఇల్లు కట్టుకున్నాను. గోడలు లేచాక చూడమని బావని పిలిచాను. చుట్టూ తిరిగి, అక్కడక్కడా పిడికిలితో కొట్టి చూసి, "గట్టిగా కట్టించినావు బావా. ఈ గోడకి నూరేళ్ళు భయం లేదు" అన్నాడు. చాలా సంతోషంగా అన్నాడు.

వేరే మేస్త్రీ కావాలని వీధిలో నలుగురికీ చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఒకడొస్తే ప్రతి గోడా తట్టి చూడమన్నాను. గంట సేపు చూసి, ఏ వంకా లేదన్నాడు. కూలి తీసుకుంటూ ఎవరు చెబితే వచ్చావని అడిగాను. మీ బావేనండి అన్నాడు.